తొలికాయ గుంట పూడ్చేశారు

నిన్న టెక్కలి దగ్గర అడవి దారిలో కొండెక్కి మన పాత శివాలయానికి వెళ్లాను. తుపాను తర్వాత మా తోటలో వేసిన చెట్టు మొదటిసారి కాసిన కొబ్బరికాయ నా చేతిలో ఉంది. గుడి మెట్టు చూడగానే ఒళ్లు మండిపోయింది.

ఆ రాతి మెట్టు మీది గుంట గుర్తుందా మీకు? మన ఉద్దానంలో ఏ ఇంటి కొబ్బరిచెట్టు కాసినా, తొలికాయ తెచ్చి అక్కడే కొట్టేవాళ్లం. కొట్టీ కొట్టీ రాయే అరిగిపోయింది. ఆ గుంటలో నిలిచిన కొబ్బరినీళ్లను జీడిపళ్ల మరకలున్న చేతులతోనే తోడుకుని తాగేవాళ్లం. తియ్యగా, కొంచెం రాతి వాసనతో ఉండేవి.

దొరల కాలంలో కొత్తకోడలిగా ఆ కొండెక్కిన మా మామ్మ అనేది: "మీ తాత కొట్టిన దెబ్బ ఇందులోనే ఉంది. ఆళ్ల తాతదీ ఉంది. గట్టిగా కొట్టు, నీదీ ఉంటాది."

ఇప్పుడా గుంట నిండా సిమెంటు. పైన మెరిసే టైలు, దాని మీద దాత పేరు!

"ఏటిది?" అని గుడి కమిటీ పెద్దను నిలదీశాను.

"జనం కాలు తట్టుకుని పడిపోతన్నారు మావా. అందుకే సాపు సేయించేసినాం. కాయ అదిగో, ఆ ఇనప కడ్డీ మీద కొట్టీ."

ఇన్ని తరాలూ పడనివాళ్లు ఇప్పుడే పడిపోతున్నారా? మా తాతల దెబ్బలు పూడ్చి, పైన పేరు వేసుకునే హక్కు ఆ దాతకు ఎవరిచ్చారు?

కాయ కొట్టలేదు. ఇంటికి తెచ్చేశాను. సోమవారం మళ్లీ కొండెక్కుతున్నాను, కాయతో పాటు గునపం కూడా పట్టుకుని. మీలో ఎవరెవరొస్తారు?