అమ్మవారికి చెప్పి వేసుకున్న మందు

మొన్న ఓవర్‌పోర్ట్‌లో కళ్ళ డాక్టరు దగ్గర కూర్చుని ఉండగా, ఉద్యోగానికి వెళ్ళే వయసు అమ్మాయి ఒకతె కంటికి ప్లాస్టరు అంటించుకుని, ఒక పక్కకు వాలిన నోటిని చేత్తో కప్పుకోవడం చూసి ఒకప్పటి నా మొహమే గుర్తొచ్చింది.

తెల్లవాళ్ళ పాలన పోయి, నల్లవాళ్ళకూ ఓటు వచ్చి, కొత్త ప్రభుత్వం వచ్చిన తొలి రోజుల్లో నేను విజయనగరం నుంచి ఈ దేశానికి లెక్కల మాస్టారుగా వచ్చి, ఇదే ఊళ్ళో స్ప్రింగ్‌ఫీల్డ్‌లో ఒక ముసలావిడ ఇంట్లో వెనుక గది అద్దెకు తీసుకున్నాను. తాతల కాలంలో చెరకుతోటల పనికి ఓడెక్కి వచ్చిన కుటుంబం ఆవిడది; పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. ఒకనాడు నా చెవిలో మంటపుట్టి పొక్కులు లేస్తే ఆవిడ చూసి దణ్ణం పెట్టుకుంది.

“అమ్మ వచ్చినాది, అబ్బాయ్. డాక్టర్ ముతీ వద్దు. అమ్మకి కోపం వచ్చుద్ది.”

ముతీ అంటే ఇక్కడివాళ్ళ మాటలో మందు. మా ఊళ్ళోనూ ఆటలమ్మ పోస్తే మందు వేయరు గనుక, అంత చదువుకున్న నేనూ వేపాకుతో, పసుపునీళ్ళతో సరిపెట్టుకున్నాను.

ఆ తర్వాత ఒక ఉదయం పుక్కిలిస్తే నీళ్ళు నోటి మూలనుంచి కారిపోయాయి. అద్దంలో సగం మొహం నాది, సగం ఎవరిదో. కన్ను మూతపడదు, పెదవి కలవదు, ‘మ’ అన్న అక్షరమే పలకదు. పక్షవాతమే అనుకుని, మాట మీద బతికే మాస్టారు ఇంక దేనికి పనికొస్తాడన్న దిగులుతో పెద్దమ్మ తలుపు తట్టాను.

పెద్దమ్మ నా మొహం చూసి, పూజగదిలోకి వెళ్ళి, పొరుగావిడతో మాట్లాడినట్టే అమ్మవారితో మాట్లాడింది.

“అమ్మా, నువ్వు కూకో. పిల్లోడు డాక్టర్ దగ్గర పోయి వచ్చుతాడు. తిట్టాలంటే నన్ను తిట్టు.” తర్వాత నావైపు తిరిగింది. “ఏం చూస్తావ్? అమ్మ యెస్ చెప్పింది. షర్టు తొడుక్కో.”

పక్షవాతం కాదని, చిన్నప్పుడు పోసిన ఆటలమ్మ వైరస్సే ఏళ్ళ తరబడి నరంలో నక్కి ఇప్పుడు లేచిందని, పొక్కులు కనబడ్డ రోజే రావలసిందని డాక్టరు మందలించాడు.

“మరి, అమ్మ అని నేను చెప్పలే?” అంది నా వెంట వచ్చిన పెద్దమ్మ.

వైరస్‌కు మాత్రలు, నరం వాపుకు స్టెరాయిడ్లు, కంటికి చుక్కలు. పడుకునేటప్పుడు రెప్ప మూసి ప్లాస్టరు వేసుకోవాలి. డాక్టరు చెప్పినట్టు అద్దం ముందు బుగ్గలు పూరిస్తుంటే ఆవిడ వెనకే నిలబడి, గాలి పోతాది, గట్టిగా పట్టు అని కసిరేది. వారాలు గడిచాక పెదవి మూల సన్నగా అదిరింది. ఆనాటి డైరీలో రాసుకున్నది ఒక్క మాటే, కదిలింది అని. బడికి తిరిగి వెళ్ళాను గాని, ఆ ఆలస్యానికి గుర్తుగా ఒక రెప్ప ఇప్పటికీ రెండోదానికన్నా నెమ్మదిగా వాలుతుంది.

ఇప్పుడు చెవిలో పొక్కు లేస్తే ఆ పూటే మాత్ర చేతికొస్తుంది, ఆ అమ్మాయి లాంటివాళ్ళ మొహాలూ కుదుటపడుతున్నాయి, అంతకన్నా కావలసిందేముంది. కాని పరాయి బిడ్డ మీద పడే కోపాన్ని తన మీద వేయమని దేవతను అడిగే మనిషి ఈనాడు ఏ వీధిలో ఉందో, వెతుకుదామన్నా నాకు తెలియడం లేదు.