తెల్ల పొట్టేలుకు దిష్టి చుక్క

గల్ఫ్ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది సౌదీలోని తబూక్‌లో ఒక తోటలో పనిచేసేవాణ్ణి. అక్కడ ఏటా జరిగే గొర్రెల అందాల పోటీకి పనివాళ్లమంతా ఇష్టంగా సాయం వెళ్లేవాళ్లం. మేం కఫీల్ అని పిలిచే మా యజమాని ముద్దుగా పెంచుకున్న తెల్ల పొట్టేలును కడిగి, దువ్వి తయారుచేసింది నేనే. అందరి కళ్లూ పడతాయని టీ గిన్నె మసితో దాని దవడకు దిష్టి చుక్క కూడా పెట్టాను.

జడ్జి ఆ చుక్కను రుద్దితే వేలికి నల్లగా అంటింది. రంగు పూశారంటూ పోటీ నుంచి తీసేశాడు. ఇక నన్ను ఇంటికి పంపేస్తారనుకున్నాను.

"ఏం పని చేసినావురా?" అన్నాడు కడప డ్రైవర్ మస్తాన్ భాయ్.

"దిష్టి తాకొద్దని పెట్టిన భాయ్!"

అతను అరబీలో చెప్పగానే కఫీల్ పడీపడీ నవ్వాడు.

మరుసటేడు మా పొట్టేలే కప్పు గెలిచింది. జనం మూగుతుంటే కఫీల్ స్వయంగా మసి గిన్నెతో పరుగెత్తుకొచ్చి, దాని దవడ నావైపు తిప్పాడు.

"అబ్ లగావ్, జల్దీ!" ఇప్పుడు పెట్టు, త్వరగా అని తనకొచ్చిన రెండు హిందీ ముక్కల్లో అన్నాడు.

ఆ కప్పు ఎలా ఉండేదో మరిచిపోయాను గానీ, ఆ గిన్నెను మాత్రం మరిచిపోలేదు.