ఇదేటి రంగమ్మా?

ఆదివారం పొద్దున్నే తాల్‌బగీచా నుంచి సాలువా వైపు సైకిళ్లు తొక్కే మా గుంపులో అందరికంటే పెద్దాయన ఒకరుండేవారు. రైల్వే ఆఫీసులో గుమాస్తా. ఎవరు కొత్త చొక్కా వేసుకొచ్చినా ముందు, "ఇదేటి రంగమ్మా?" అని అడిగేవారు. కళ్లెదుట ఉన్న రంగు ఏంటని ఎందుకు అడుగుతారో నాకు అంతుపట్టేది కాదు.

ఒకసారి నేను నిప్పులాంటి ఎర్ర జెర్సీ వేసుకెళ్లాను. లారీల వాళ్లకి దూరం నుంచే కనపడాలని ఏరి కొనుక్కున్నది. సాలచెట్ల నీడలో ముందుకు దూసుకుపోతుంటే వెనక నుంచి ఆయన కేకలు. ఆగాను. రొప్పుతూ వచ్చారు.

"ఏటైపోయినావమ్మా? చెట్లలోకెళ్లగానే మాయమైపోయినావు!"

అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. టీకొట్టు దగ్గర నెమ్మదిగా చెప్పారు.

"రైలు డ్రైవరు ఉద్యోగానికెళ్తే కంటి పరీక్షలో తీసేసినారు. ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకలాగే ఉంటాయి. సిగ్గేసి ఇంట్లో కూడా చెప్పలేదు. లారీ తోలేవాడికీ నాలాటి కళ్లే ఉంటే నీ గతేటమ్మా?"

ఆ పై ఆదివారం రకరకాల రంగుల గుడ్డలు చెట్ల పక్కన పట్టుకుని ఆయనకి దూరం నుంచి చూపించాం. పసుపు చూడగానే చెయ్యెత్తారు. అందరం పసుపే కొనుక్కున్నాం.

మాకు చెప్పాక ఇంట్లోనూ చెప్పేశారట. కొన్నాళ్లకి వాళ్లావిడ నాకు ఫోన్ చేసింది.

"ముప్పై ఏళ్లు ఎర్రచీర కట్టుకుని ఎదురుగా తిరిగినా ఏటీ అనరని అలిగేదాన్నమ్మా. నిన్న పసుపు చీర కట్టినాను. టీ గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయినారు."