లేడు సా

ఆ రోజుల్లో నాకు బాగా వచ్చిన విద్య ఒక్కటే, వాదించడం. డెబ్బైల నడిమి మాట. పుట్టింది ఆళ్లగడ్డలోనే అయినా నాకు నోరు లేచింది మాత్రం నంద్యాలలో. అక్కడ ఒక కాఫీ హోటలు మిద్దె మీద ఆదివారాలు మాలాంటి కుర్రాళ్లం చేరి కులం మీద, మూఢనమ్మకాల మీద, దేవుడి మీద గొంతు పోయేదాకా వాదించుకునేవాళ్లం. (అందరిదీ ఒకే పక్షం కాబట్టి ఎదుటి పక్షం ఎవరుండాలో చీటీలు వేసుకోవలసి వచ్చేది. వినేవాళ్లంటారా, కింద కాఫీ తాగేవాళ్లు, వాళ్లకు ఇష్టం ఉన్నా లేకపోయినా.) ఆ మిద్దె మీదే ఒకనాడు ఆవేశం పట్టలేక, బతికున్నంతకాలం ఏ మతంవాళ్ల గుడి గడపా తొక్కనని అందరి ముందూ మాట ఇచ్చేశాను. నిలబెట్టుకున్నాను కూడా. మా చెల్లెలి పెళ్లి గుడిలో జరుగుతుంటే నేను బయట చెప్పులకు కాపలా కాశాను. "వీని నోట్లో లేడు అనే మాట తప్ప ఇంకోటి రాదు" అని మా నాయన విసుక్కున్నాడు. అప్పటినుంచి ఇంట్లో నా పేరు లేడయ్య.

ఆ లేడయ్యకు ఉద్యోగం వచ్చింది. వెలుగోడు దాటి ఇంకా ఉత్తరానికి పోతే నల్లమల కింద ఒక చిన్న ఊరు, అందులో ఒకే పంతులున్న పంచాయతీ సమితి బడి. బస్సు వెలుగోడు దాకానే, ఆ తర్వాత నడక, నడుమ ఒక వాగు. ఊరంతా కూలికీ సేద్యానికీ పోయే క్రైస్తవ కుటుంబాలు. మూఢనమ్మకాలను ఊడ్చేద్దామని ఉత్సాహంగా పోయినవాణ్ణి, దీపావళి పోయి చలి దిగేసరికి చీపురు కింద పడేశాను. కొండ ఊరికి తూర్పున ఉంది. లోకానికంతా తెల్లవారినా మాకు తెల్లవారదు. బడి మరీ కొండ మొదట్లో ఉంది కాబట్టి ఎండ అందరికంటే చివర మాకు వచ్చేది. నాపరాతి గోడలు, నాపబండల నేల, పైన కప్పూ నాపబండలే. లోపల కూర్చుంటే ఎండిన బావిలో కూర్చున్నట్టుండేది. బయట మంచు, పొయ్యిల పొగ, ఎవరి ఇంట్లోనో తెగని దగ్గు. పలకరిద్దామంటే మనుషులంతా చలిమంటల చుట్టూ ముడుచుకుని ఉండేవారు. నంద్యాల మిద్దె తలుచుకుని నాకు కళ్లు చెమ్మగిల్లేవి. (చలిగాలి వల్లనే అని అప్పట్లో సిద్ధాంతం చేసుకున్నాను.)

పిల్లలు రావడం మానేశారు. ఒంటి మీద ఒకటే చొక్కా ఉన్నవాళ్లు ఆ బండల మీద ఎలా కూర్చుంటారు? బడి పక్కింటి పిల్ల ఒకతే వచ్చేది. గొంతు గట్టిది కాబట్టి దాన్ని అందరూ రేడియో అనేవాళ్లు. నేను హాజరు పిలుస్తుంటే రేడియో ఒకతే అందరి తరఫునా జవాబు చెప్పేది. "లేడు సా. లేడు సా. ఆ పాప లేదు సా. లేడు సా." నేను జీవితమంతా గొంతు చించుకుని చెప్పిన మాటను ఆ పిల్ల ఖాళీ గదిలో, వణుకుతూ, ఏ ఆవేశమూ లేకుండా చెబుతుంటే వినలేకపోయేవాణ్ణి.

తల్లులను అడగడానికి ఇల్లిల్లూ తిరిగాను. "పొద్దు రాకముందు పిల్లోల్లు యాడొస్తారప్పా? నువ్వన్నా కంబళి కప్పుకున్నావు" అని ఒకావిడ మొహం మీదే చెప్పింది. అంతలో బడుల ఇన్‌స్పెక్టరు గారు వెలుగోడులో కనబడి పిడుగులాంటి మాట చెప్పారు. "ఈసారి నేనొచ్చేసరికి గది ఖాళీగా ఉంటే బడి ఎత్తేసి ఇక్కడ వెలుగోడు బడిలో కలిపేస్తా." అంటే పిల్లలు వాగు దాటి రావాలి. మగపిల్లల్లో ఒకరిద్దరు వస్తారేమో గానీ రేడియోను మాత్రం వాళ్లమ్మ చచ్చినా పంపదు. దాని చదువు ఆ చలికాలంతోనే సరి.

ఆ ఊళ్లో నాతో వాదించే మనిషి ఒక్కడే, ఉపదేశి. పాస్టరు గారు నెలకొకసారి నంద్యాల నుంచి వచ్చేవారు. మిగతా రోజుల్లో చర్చి ఊడ్చడం, గంట కొట్టడం, ప్రార్థన చేయించడం అంతా ఈ ముసలాయనే. (అక్కడ చర్చిని కూడా గుడి అనే అంటారు. నేనిచ్చిన మాటలోంచి తప్పించుకునే సందు లేకుండా పోయింది.) ఆ తెగని దగ్గు ఈయనదే. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని, అంత శక్తి ఉన్న దేవుడు ఈ చలిని ఎందుకు ఆపడని నిలదీసేవాణ్ణి. "చలి లేకపోతే సెనగ పండుతాదా?" అని దగ్గేవాడు. బడి సంగతి విన్నరోజు మాత్రం చాలాసేపు నవ్వాడు. "ఏందప్పా సారూ, దేవుడు లేడంటివి, ఇప్పుడు పిల్లోల్లు గూడా లేకపాయె." తర్వాత గుడి వైపు గడ్డం ఎత్తి చూపించాడు. "మా గోడకాడికి తోలకరా. ఊళ్లో పొద్దు తగిలేది ముందు దానికే."

నిజమే. చర్చి ఊరికి పడమటి చివర, మిట్ట మీద ఉంది. కొండ నీడ మొదట వదిలేది దాని తూర్పు గోడనే. ఒక రాత్రంతా నాతో నేనే వాదించుకుని, గోడకు లోపలి పక్క మాత్రమే మతం ఉంటుందని, బయటి పక్క రెవెన్యూ శాఖదని తీర్మానించుకున్నాను. మర్నాడు ఉపదేశికి ఈ సంగతి వివరిస్తే "గోడకేందప్పా, ఎనుములు గూడా ఆనుకుంటాయి" అన్నాడు. (ఎనుములంటే మా వైపు గేదెలు.) పిల్లలు వచ్చారు. వెచ్చటి గోడకు వీపులు ఆనించి వరసగా కూర్చుని ఎక్కాలు చదివారు. నేనూ ఒక మూల వీపు ఆనించాను, ఎనుముల మాట గుర్తు రాకుండా చూసుకుంటూ.

అంతా బాగుందనుకుంటుండగా ఎక్కడో సముద్రంలో వాయుగుండం పడి ఇక్కడ ముసురు పట్టింది. పొద్దు లేదు, వెచ్చటి గోడ లేదు, పైనుంచి సన్నటి వాన. అయినా అలవాటుకొద్దీ పిల్లలంతా గోడకాడికే వచ్చేశారు. ఉపదేశి గుడి తలుపు తీసి వాళ్లను లోపలికి తోలి, చాపలు పరిచాడు. నేను గడప బయట గొడుగు పట్టుకుని నిలబడి అక్కడినుంచే పాఠం మొదలుపెట్టాను. గొడుగు పాతది. కాసేపటికి లోపల వాళ్లు పన్నెండో ఎక్కం చదువుతున్నారు, బయట నా పళ్లు టకటకమంటున్నాయి.

"లోపలికి రా సారూ. తడిసిపోతాండావ్" అన్నాడు ఉపదేశి.

"రాను. మాట ఇచ్చినాను."

"ఎవరికి?"

"నాకే."

"దేవుడు లేడంటివి గదా?"

"లేడు."

"మల్ల లేనోని ఇంటికి వచ్చేదానికి భయమేందప్పా?"

పిల్లలు ఎక్కం ఆపి నా వైపు చూశారు. ఇన్నేళ్ల వాదనల్లో ఎదుటి పక్షం చీటీ తీసినవాడెవడూ ఈ ప్రశ్న అడగలేదు. గొడుగు మూశాను. గడప మీద కాలు పెట్టబోతే ముసలాయన మళ్లీ ఆపాడు. "చెప్పులిడువు. దేవుని కోసరం గాదు. బురద నేను చిమ్మలేను."

లోపల వెచ్చగా ఉంది. అంతకుమించి ఏమీ జరగలేదు. (జరుగుతుందేమోనని కాస్త భయపడ్డ మాట నిజమే.) ఎక్కం పదిహేనుకు చేరేసరికి మంకీ టోపీ, మోకాళ్ల దాకా బురద, నుదుట తడిసిన బొట్టుతో ఇన్‌స్పెక్టరు గారు గుమ్మంలో నిలబడ్డారు. ఖాళీ బడి చూసి, ఎక్కాల శబ్దం పట్టుకుని వచ్చారట.

"ఏందిది, బడా గుడా?"

"ఈ పూటకు బడే సామీ. వాన నిలిస్తే మల్ల గుడి" అన్నాడు ఉపదేశి.

ఆయన హాజరు తనే పిలిచారు. "ఉండా సా." "ఉండా సా." ఒక్కొక్క పేరుకూ ఒక్కొక్క గొంతు. చివర రేడియో వంతు వచ్చేసరికి కిటికీ అద్దాలు అదిరాయి. పుస్తకం మూసి ఆయన నన్ను ఎగాదిగా చూశారు. "నంద్యాలలో గుడి గడప తొక్కనని అరిచింది మీరే గదా? నేను కింద కాఫీ తాగుతుంటిని." నేనేనన్నాను. "ఊ" అని టోపీ సర్దుకుని, "బడి ఉంటుందిలే" అంటూ వానలోకి దిగారు.

ఎండాకాలానికి నాకు ఆళ్లగడ్డకు బదిలీ అయింది. ఉపదేశికి ఉత్తరం రాయాలని చాలాసార్లు అనుకున్నాను. దేవుణ్ణి పూర్తిగా ఓడించే వాదన ఒకటి దొరికాక రాద్దామని ఆగాను. ఎనభైల చివర ఒక చలికాలం ఏదో పని మీద వెలుగోడు పోయి, ఆ ఊరికి నడిచాను. గోడ అక్కడే ఉంది, ఎండ అక్కడే ఉంది. గోడకు ఆనుకుని ఒక ఆడమనిషి సెనగాకు తుంచుతోంది. గొంతు విని రేడియో అని గుర్తుపట్టాను. అయిదో తరగతి దాకా చదివిందట. ఊళ్లో బడి అంతవరకే మరి. ఇప్పుడు దాని కొడుకు అదే బడికి పోతున్నాడు.

"ఉపదేశి తాత ఉండాడా?" అన్నాను.

అది ఆకు తుంచడం ఆపింది. "లేడు సా" అంది. హాజరు పిలిచినప్పుడు చెప్పినట్టే.

ఆ మాట మీద పట్టు నాకే ఉందనుకుని అన్నేళ్లు తిరిగాను. ఆ రోజు దానికి ఎదురు వాదన ఒక్కటి కూడా దొరకలేదు. రేడియో పక్కకు జరిగి చోటిస్తే, గోడకు వీపు ఆనించి కూర్చున్నాను, ఎనుములాగే. నన్ను అడిగితే ఇప్పటికీ దేవుడు లేడనే చెబుతాను. కానీ అన్న ప్రతిసారీ వెనక ఎక్కడో చిన్న దగ్గు వినబడినట్టయి, చెప్పులు విడిచానో లేదో అని కాళ్లకేసి చూసుకుంటాను.