ఉంబ్రియా కొండల్లో నా కాపలా

మొన్న టెక్సస్‌లో, మా ఫ్రిస్కోలో ఆఫీసు వాళ్ళతో భోజనానికి వెళ్ళినప్పుడు, ఎవరో తెప్పించిన ఫ్రెంచ్ ఫ్రైస్ పళ్ళెం బల్ల మీదికి రాగానే నేను ఉలిక్కిపడి వంటగది వైపు చూశాను, గ్యాస్ లీకవుతోందేమోనని. తీరా చూస్తే అది ట్రఫుల్ వాసన, అడవి చెట్ల వేళ్ళ దగ్గర మట్టిలో దాక్కుని పెరిగే ఒక రకం పుట్టగొడుగుది. పక్కనున్నవాళ్ళు కళ్ళు మూసుకుని మరీ ఆస్వాదిస్తున్నారు. నాకు మాత్రం ఆ వాసన తగిలిందంటే మళ్ళీ పన్నెండేళ్ళ పిల్లనైపోతాను, చెవులు రిక్కించి, ఎవరు నా దగ్గర ఏం దాస్తున్నారా అని వెతకడం మొదలుపెడతాను.

అది రెండువేల రెండో సంవత్సరం వేసవి. అప్పుడు మేం అట్లాంటా పక్కనున్న అల్ఫారెట్టాలో ఒక అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్‌లో ఉండేవాళ్ళం. మార్చి వస్తే పైన్ చెట్ల పుప్పొడి రాలి కార్లన్నీ పసుపు రాసిన గడపల్లా అయ్యేవి. జూన్ వస్తే పార్కింగ్ పక్క గడ్డిలో మిణుగురులు లేచేవి. శనివారం వస్తే ఎవరో ఒకరి ఇంట్లో తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్, పులిహోరా, గుత్తివంకాయా, పిల్లల కోసం విడిగా పిజ్జా, వెళ్ళేటప్పుడు ఒకరి గిన్నెలు ఒకరింటికి చేరిపోవడం, ఆదివారమంతా ఆంటీలు ఫోన్లలో గిన్నెల లెక్క తేల్చుకోవడం. నేనూ, ఎదుటి బిల్డింగ్‌లో ఉండే హారికా పార్కింగ్‌లో సుద్దముక్కతో అష్టాచెమ్మా గీసి, చింతగింజలు దొరక్క, పొద్దున పాలల్లో వేసుకునే చీరియోస్ గింజలతో ఆడేవాళ్ళం. గెలిచినవాళ్ళు పావుల్ని తినెయ్యొచ్చని రూలు. హారిక వాళ్ళ నాన్న మురళి అంకులూ, మా నాన్నా ఒకేసారి అమెరికా వచ్చారు. వాళ్ళమ్మ సుజాత ఆంటీకి తెలియకుండా మా అమ్మ కరివేపాకు మొక్కకి నీళ్ళు కూడా పోసేది కాదు.

కానీ ఆ ఏడాది మా కాంప్లెక్స్‌కి ఏదో పట్టింది. చెత్త వేసే డంప్‌స్టర్ పక్కన మంచి మంచి సోఫాలు కనిపించేవి. నిన్నటిదాకా స్కూల్ బస్సులో పక్కన కూర్చున్న పిల్ల ఇవాళ ఉండేది కాదు. అడిగితే, "వెకేషన్‌కి వెళ్ళారమ్మా" అనేవాళ్ళు పెద్దవాళ్ళు, మొహాలు పక్కకి తిప్పుకుని. ఆ వెకేషన్‌కి వెళ్ళినవాళ్ళలో ఒక్కరంటే ఒక్కరు తిరిగొచ్చిన పాపాన పోలేదు. పెద్దవాళ్ళకి ఉద్యోగాలు పోతున్నాయని, అప్పట్లో ఉద్యోగం వీసా మీద ఉన్నవాళ్ళకి ఉద్యోగంతో పాటు ఈ దేశంలో ఉండే వీలు కూడా పోయేదని నాకెవరూ విడమరిచి చెప్పలేదు. నాకర్థమైందల్లా ఒకటే, వెకేషన్ అన్న మాట వినిపిస్తే సర్దుకోవాల్సిందే అని.

అలాంటి రోజుల్లో ఒక సాయంత్రం నాన్న, మనం ఇటలీకి వెకేషన్ వెళ్తున్నాం అన్నాడు.

నిప్పు లేనిదే పొగ రాదు కదా. మా ఇంట్లో ఇండియాకి తప్ప సూట్‌కేసులు అటక దిగిన చరిత్ర లేదు. పిజ్జా షాపువాళ్ళిచ్చిన క్యాలెండర్ మా వంటింట్లో ఉండేది, అమ్మ దాని మీద ఏకాదశులు రాసుకునేది. ఆ క్యాలెండర్‌లో కొండ కొమ్మున ఊరున్న బొమ్మ చూసి నాన్నకి ఎన్నాళ్ళనుంచో మోజట, అది ఉంబ్రియా అనే ప్రాంతమట. ఉన్నట్టుండి ఇప్పుడే తీరాలా ఆ మోజు? పైగా ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని, దిష్టి తగులుతుందని ఆంక్ష. హారికకి చెప్పొచ్చా అంటే అమ్మా నాన్నా ఒకరి మొహం ఒకరు చూసుకుని, దానికి చెప్పుకోవచ్చులే అన్నారు. ఆ చూపు నాకు నచ్చలేదు. మేం ఇక తిరిగి రామని, నన్ను మభ్యపెట్టి అటునుంచి అటే హైదరాబాద్ తీసుకుపోతారని ఆ క్షణమే తేల్చేసుకున్నాను.

అనుమానం పెనుభూతం అంటారు. నిజం చెప్పాలంటే, ఆ భూతం నాకొక్కదానికే పట్టలేదు. రోమ్‌లో దిగింది మొదలు నాన్నకి కనిపించిన ప్రతివాడూ జేబుదొంగే. పాస్‌పోర్టులన్నీ అమ్మ కుట్టిన సంచిలో, ఆ సంచి నాన్న బనీను లోపల, దానికి రెండు పిన్నీసులు; వాటి భయంతో వారమంతా నిటారుగా నడిచాడు. అమ్మ అనుమానాలు తిండి మీద. మేం దిగింది ఆలివ్ తోటల మధ్య రాతి ఇంట్లో, ఆ ఇంటావిడ రోసెల్లా అని, నవ్వితే భుజాలు కూడా నవ్వే మనిషి. ఆవిడ పెట్టిన రొట్టె అమ్మ ఒక ముక్క నమిలి, పాపం ఉప్పెయ్యడం మర్చిపోయినట్టుందని జాలిపడింది. మర్నాడూ అంతే. ఆ ప్రాంతంలో రొట్టెకి ఉప్పే వెయ్యరని తెలిశాక జాలి కాస్తా అసహ్యమై, దాని మీద నెయ్యీ కందిపొడీ అద్దుకుని తినడం మొదలుపెట్టింది. రోసెల్లా కూడా అడిగి పెట్టించుకుంది. ఆవిడ మా కోసం పాస్తా చేసి పైన ఏదో నల్లగా తురుముతుంటే అమ్మ లేచి వెళ్ళి పొయ్యి గొట్టాలన్నీ వాసన చూసొచ్చింది. ట్రఫుల్‌తో మా మొదటి పరిచయం అది. సిలిండర్ లీకైనట్టుందే అంది అమ్మ నా చెవిలో.

నేను మాత్రం అమ్మానాన్నల్ని తప్ప ఇంకెవర్నీ గమనించలేదు. నేను అడిగినప్పుడల్లా అమ్మ ఐస్‌క్రీమ్ కొనిపెడుతోంది, అడగకపోయినా కొనిపెడుతోంది. ఏడాదికోసారి కూడా అలా కొనిపెట్టే గుణం లేని మనిషి. ఇద్దరూ గుసగుసలాడుకునేవాళ్ళు, నేను రాగానే చర్చి ఎంత బావుందో అనేవాళ్ళు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందట, అచ్చం అలాగే ఉండేది వాళ్ళ వాలకం.

ఓర్వియెతో అని ఒక ఊరు, చుట్టూ నిలువునా కోసినట్టున్న బండ, ఆ బండ మీద ఊరు. సందులన్నీ చల్లగా, రాతి గోడల నుంచి తడి సున్నం వాసన, కిటికీల్లో ఎర్రటి జెరేనియం పూలు, నడివీధిలో చారల చారల చర్చి. ఆ చర్చి ముందు మమ్మల్ని కూర్చోబెట్టి, ఆఫీస్ కాల్ చేసుకోవాలని నాన్న ఫోన్ బూత్‌కి వెళ్ళాడు. ఆఫీస్ కాల్ తెలుగులో మాట్లాడతారా ఎవరైనా? పావురాల వెనక పరిగెడుతున్నట్టు నటించి నేను బూత్ వెనక్కి చేరాను.

"ఇల్లు వచ్చే వారానికి ఖాళీ అయిపోద్ది కదా," అంటున్నాడు నాన్న. "స్కూలుదేముంది, హైదరాబాద్‌లో బోలెడున్నాయి. పిల్లకి మాత్రం ఇప్పుడే చెప్పం. ట్రిప్ పాడవుద్ది."

ఫోన్ అవతల ఉన్నది హైదరాబాద్‌లో మా బాబాయని అనుకున్నాను. ఇంకేం రుజువు కావాలి?

ఆ ఊళ్ళోనే ఒక పాత బావి ఉంది, ఇంజనీరైన నాన్నకి ప్రాణం లేచొచ్చిన బావి. దాని లోపల గుండ్రంగా రెండు మెట్లదారులు, ఒకటి దిగడానికి, ఒకటి ఎక్కడానికి. నీళ్ళు మోసే కంచరగాడిదలు ఒకదానికొకటి ఎదురుపడకుండా అలా కట్టారట. ఎంత తెలివో చూడవే అంటాడు నాన్న. నాకేమో ఒళ్ళు జలదరించింది. దిగినవాళ్ళకి ఎక్కేవాళ్ళు ఎదురేపడరంటే, ఇది మనుషుల్ని మాయం చెయ్యడానికి కట్టిన బావి కాకపోతే మరేమిటి? కింద నాచు వాసన, పైన రూపాయి బిళ్ళంత ఆకాశం. నాన్న చొక్కా అంచు పిడికిట పట్టుకుని, మళ్ళీ ఎండలోకి వచ్చేదాకా వదల్లేదు. భయపడ్డానని మురిపెంగా నవ్వాడు నాన్న. నా భయం బావి గురించి కాదని ఆయనకేం తెలుసు.

తర్వాత కస్తెలూచో అనే ఊరికి వెళ్ళాం. కారు కొండ మలుపు తిరగగానే కింద పెద్ద మైదానం, చెరువు ఎండి పరుచుకున్నంత చదునుగా, దాన్నిండా ఎర్ర గసగసాల పూలు, నీలం పూలు, పసుపు పూలు, పట్టీలు పట్టీలుగా. ఆ పూలన్నీ కలుపు మొక్కలేనట, అసలు పంట వాటి మధ్య ఉన్న పప్పు అని తెలిసి అమ్మ పగలబడి నవ్వింది, ఇంతా చేసి పప్పుచేనా మనం చూడ్డానికొచ్చింది అని. నవ్వీ నవ్వీ అలాగే ఏడ్చేసింది. ఏమైందంటే పుప్పొడి పడలేదంది. ఊళ్ళో అంగట్లో ఆ పప్పు పొట్లాలు అమ్ముతున్నారు. అమ్మ రెండు తీసుకుంది, కాసేపు చేతిలో పట్టుకుని, ఒకటి తిరిగి పెట్టేసింది. అల్ఫారెట్టాలో ఏ షాపుకెళ్ళినా తనకొకటి, సుజాత ఆంటీకొకటి కొనే మనిషి! ఎందుకు పెట్టేశావంటే ఒకటి చాల్లే అంది. తిరిగి వెళ్తే కదా ఆంటీకి ఇచ్చేది, అనుకున్నాను నేను. హారికకని నేను కొన్న మట్టి పిట్ట, నీళ్ళు పోసి ఊదితే కూసేది, దాన్ని జేబులోంచి తియ్యబుద్ధి కాలేదు.

చివరికి నేను నోరు తెరిచింది మార్మొరే జలపాతం దగ్గర. ఆ జలపాతం దేవుడిచ్చింది కాదు, రోమన్లు కాలవ తవ్వి నదిని కొండ మీదనుంచి పడేట్టు చేశారట. ఇప్పుడు ఆ నీటిని కరెంటుకి వాడుకుని, రోజూ కొన్ని గంటలే వదులుతారు. మేం వెళ్ళేసరికి అంత కొండా తడి గోడలా ఉంది, అక్కడక్కడా సన్నటి ధార. మనల్ని మోసం చేశారని నాన్న రుసరుసలాడుతుండగానే సైరన్ మోగింది. ముందు చల్లటి గాలి వచ్చింది, తర్వాత కొండ నెత్తిన తెల్లగా కదిలింది, చూస్తుండగానే చెవులు చిల్లులు పడే హోరు, మొహాల మీద తుంపర. సాగర్ గేట్లెత్తినట్టే ఉందని నాన్న అరుస్తున్నాడు సంబరంగా. స్విచ్ వేస్తే వచ్చే జలపాతాన్ని నమ్మేవాళ్ళు ఏదైనా చేస్తారనిపించి నేనూ అరిచాను.

"నాన్నా, ట్రూత్ చెప్పు. మనం హోమ్‌కి వెళ్తున్నామా, ఇండియాకా?"

నాన్న మొహంలో నవ్వు ఆగిపోయింది. వంగి నా తడిసిన తల మీద చెయ్యిపెట్టాడు. "అట్లాంటాకే వెళ్తన్నాం బుజ్జీ. నీ మీద ఒట్టు."

ఒట్టు సరే. ఆ వెంటనే నా తల మీదుగా అమ్మ వైపు చూశాడే, ఆ చూపేమిటి మరి? నమ్మలేదు నేను. రోమ్ విమానాశ్రయంలో గేటు బోర్డు మీద అట్లాంటా అన్న పేరు కూడబలుక్కుని చదివాక, విమానం లేచాక, సీట్ల ముందున్న మ్యాపులో మా విమానం బొమ్మ సముద్రం మీద పడమటికి పోతోందని తేలాక, అప్పుడు నమ్మాను. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని, అన్నాళ్ళ నిద్రా కలిపి పోయాను.

ఇంటికి రాగానే బూట్లు కూడా విప్పకుండా పిట్ట పట్టుకుని ఎదుటి బిల్డింగ్‌కి పరిగెత్తాను. హారిక వాళ్ళ గుమ్మం ముందు చెప్పుల స్టాండ్ లేదు. బాల్కనీలో తులసి కుండీ లేదు. కిటికీ బ్లైండ్స్ సందులోంచి చూస్తే హాల్లో కార్పెట్ మీద సోఫా కాళ్ళ గుంటలు మాత్రం ఉన్నాయి.

తిరిగొచ్చేసరికి అమ్మ సూట్‌కేసు ముందు ఊరికే కూర్చుని ఉంది. నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టింది.

"మనకి గ్రీన్‌కార్డు వచ్చిన వారానికే మురళి అంకుల్‌కి జాబ్ పోయిందే. ఏ మొహం పెట్టుకుని చెప్పమంటావు? నలుగురికీ తెలిస్తే తలెత్తుకోలేమని, మనం లేనప్పుడే వెళ్ళిపోతామని వాళ్ళే అన్నారు. మీ నాన్న అక్కడినుంచి ఫోన్లు చేసింది వాళ్ళకే."

"హారికకి తెలుసా?" అన్నాను.

"దానికి ముందే తెలుసమ్మా. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో నాకు తెలియలేదు, అందుకే అందరి మీదా తెచ్చుకున్నాను. నేను పోగుచేసిన రుజువులన్నీ నిజమే. గుసగుసలు నిజం, ఖాళీ అవుతున్న ఇల్లు నిజం, హైదరాబాద్ స్కూలు నిజం. ఇల్లు మాత్రం మాది కాదు. పుప్పొడి దగ్గర్నుంచి జలపాతం దాకా దేన్నీ వదలకుండా అనుమానించినదాన్ని, హారికని అనుమానించాలని ఒక్కసారి కూడా తోచలేదు.

మొదట్లో పండగలకి ఫోన్లు నడిచాయి. తర్వాత వాళ్ళు ఇల్లు మారారు, మేమూ మారాం, నంబర్లు పోయాయి. ఆ కాంప్లెక్స్‌కి ఇప్పుడు వేరే రంగు, వేరే పేరు. పిజ్జా షాపు పోయింది. ఆ మధ్య అటు వెళ్తే పార్కింగ్‌లో సుద్దగీతలు గీసే పిల్లలెవరూ కనిపించలేదు. ఇప్పుడు ఎవరైనా ఊరు మారితే వాళ్ళు పెట్టెలు కట్టకముందే ఫోన్ గ్రూపులన్నిటికీ ఫొటోలొచ్చేస్తాయి. చెప్పకుండా వెళ్ళిపోవడం అనేది కూడా పోయింది, దానికి నేనేమీ బాధపడను.

ఫ్రైస్ తిన్న రాత్రి ఈ సంగతులన్నీ అమ్మతో ఫోన్‌లో చెప్పుకుంటూ ఉంటే, ఇన్నేళ్ళలో ఎప్పుడూ అననిది ఒకటి అంది. "మనం ఇటలీకి బయల్దేరిన రోజు నువ్వు చూళ్ళేదు గానీ, హారిక కిందకొచ్చి నించుందే. మన కారు గేటు దాటిందాకా చెయ్యి ఊపుతానే ఉంది."

నేను చూడలేదు. వెనక సీట్లో ముందుకి వంగి కూర్చుని, అమ్మా నాన్నా అద్దంలో ఒకరికొకరు ఏం సైగ చేసుకుంటారోనని కాపలా కాస్తున్నాను.