రెండో బ్రేకు

మా అక్క నోరు మంచిదని ఇంతవరకూ ఎవరూ అనలేదు. డ్రైవింగ్ స్కూల్లో ఆమె దగ్గర నేర్చుకునేవాళ్లు చాటుగా పెట్టుకున్న పేరు హారనక్క. నేర్పే కారులో పక్కసీటు వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది, ప్రమాదం వస్తే టీచరు తొక్కడానికి. దాన్ని వాడటం అక్కకు నామోషీ. కాళ్లు సీటు మీదికి ముడుచుకుని కూర్చుని, "బ్రేకు నీ కాలి కింద ఉంది, నా మొహంలో లేదు" అని కసిరేది. ఆ తిట్లు తిన్నవాళ్లంతా మొదటిసారికే లైసెన్సు తెచ్చుకున్నారు.

సొంత చెల్లెల్ని, నేను మాత్రం రెండుసార్లు తప్పాను. ఎన్నాళ్లుగానో అక్క సంపాదన మీద బతుకుతున్నదాన్ని. నెలాఖరులోగా లైసెన్సు చూపిస్తే స్కూలు వ్యాను నడిపే ఉద్యోగం ఇస్తామన్నారు. దాని మీద కొండంత ఆశ పెట్టుకున్నాను. అక్క పక్కనుంటే కారు చెప్పినట్టు వినేది. పరీక్షలో ఒక్కదాన్నే కూర్చుంటే ఆపాల్సిన గీత దాటి పోయేది. నా చేతకానితనమేననుకుని కుమిలిపోయాను.

ఒకరోజు అక్క కాలు బెణికింది. కట్టుతోనే వచ్చి పక్కన కూర్చుంది. స్కూలు వెనక ఖాళీ స్థలంలో, ఎప్పటిలాగే గోడ ముందు బ్రేకు తొక్కాను. కారు ఆగలేదు. అక్క హ్యాండ్ బ్రేకు లాగితే, గోడకు మూతి ఆనించి ఆగింది.

అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లూ నేను తొక్కింది తూతూమంత్రం, ఆపింది ఆవిడ. నాకు ఒళ్లు మండిపోయింది.

"అందరి దగ్గరా కాళ్లు ముడుచుకుంటావుగా. నా దగ్గరే ఎందుకక్కా?"

హారనక్క ఈసారి కసరలేదు, కట్టు కట్టిన కాలి వైపు చూసుకుంది.

"వాళ్లకి దెబ్బ తగిలితే ఆస్పత్రికి తీసుకెళ్తాను. నీకు తగిలితే నేనేమైపోవాలి? కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతోందే," అంది.

ఇంకేం పోట్లాడను?

కట్టు విప్పగానే మెకానిక్ దగ్గరికెళ్లి తన వైపు బ్రేకు తీయించేసింది. "ఇదేం పిచ్చమ్మా" అన్నాడాయన. అదే ఖాళీ స్థలంలో నా పక్కన కూర్చుని "పోనియ్" అంది. గోడ దగ్గరయ్యేకొద్దీ పళ్లు బిగించి ఏదో గొణుక్కునేది. తిట్టడం కూడా మర్చిపోయింది పాపం. రోజూ ఆపుతూ పోయాను.

పరీక్ష రోజు చూడలేక అటు తిరిగి నిలబడింది. గీతకు జానెడు ఇవతల కారు ఆగింది. అధికారి తలూపాడు. వెళ్లి భుజం తట్టినా అక్క ఇటు తిరగలేదు.

"ఆగిందా?"

"నేనే ఆపాను."

అందరి ముందూ నన్ను వాటేసుకుని భోరుమంది.