గాజుపెంకులు

తమిళనాడులోని ధర్మపురిలో మాకు బట్టల కొట్టు ఉంది. తరతరాలుగా ఈ ఊళ్లోనే ఉన్నా ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. వీధిలోవాళ్లకు తెలియకూడని మాటలు దాచుకోవడానికి కూడా మాకు తెలుగే దిక్కు.

పోయిన ఏడాది మా వీధికి చెత్తబండితో కొత్తగా ఒకామె వచ్చింది. తడిచెత్త, పొడిచెత్త వేరువేరుగా ఇవ్వమని తమిళంలో చెప్పేది. అంతటితో ఊరుకోకుండా మా పొడిచెత్త సంచిని గడప ముందే విప్పి, ఒక్కొక్కటీ తీసి చూసేది. నాకు అనుమానం పట్టుకుంది. మేం ఏం కొంటున్నామో, ఎప్పుడు ఊరికి పోతామో కనిపెడుతోందేమో!

ఒక ఉదయం ఆమె ఎదుటే మా అత్తగారితో అన్నాను: "చూడండత్తా, ఎట్ల ఎతుకుతా ఉందో! అన్నీ దొంగచూపులే. ఆ ఇత్తడి చెంబు లోపల పెట్టేయండి."

"అప్పుడే పెట్టేసినా," అన్నారు అత్తగారు.

ఆమె తలెత్తలేదు. సంచిలోంచి పగిలిన గ్లాసు ముక్క ఒకటి తీసి పక్కన పెట్టింది. అప్పుడు చూశాను, ఆమె అరచేతికి గుడ్డకట్టు ఉంది.

"నిన్న మీ సంచిలోదే కోసుకునింది," అంది, అచ్చం మా ఇంటి తెలుగులో. "గాజుపెంకులు కాయితంలో చుట్టి వేరేగా ఇయ్యండమ్మా. మాటలు చుట్టకపోయినా పరవాలేదు. అవి అలవాటయిపోయినాయి."

ఇప్పుడు గాజు పగిలితే కాగితంలో చుట్టి, నేనే ఎదురువెళ్లి తెలుగులో పలకరించి ఇస్తున్నాను. ఆమె "సరిమ్మా" అని తమిళంలో అంటుంది. మాతో మళ్లీ ఒక్క మాట కూడా తెలుగులో మాట్లాడలేదు.